కొల్లేరు గట్టు మీద ఫోన్ చెప్పిన తప్పు

బడిలో ఫోన్ అనగానే మన చర్చంతా స్క్రీన్ చుట్టూనే తిరుగుతుంది. కళ్లు పాడవుతాయి, రీల్స్ చూస్తారు, ఇదే గొడవ. 2022 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 8వ తరగతి పిల్లలకు ట్యాబ్‌లు పంచినప్పుడూ వీడియో పాఠాల గురించే మాట్లాడుకున్నాం. సోషల్ టీచర్‌గా నాకు పనికొచ్చేది మాత్రం ఫోన్ లోపలున్న జీపీఎస్, దిక్సూచి. భూగోళం చెప్పేవాడికి ఫోన్ కొలిచే పరికరం. అదీ తప్పులు చేసే పరికరం. నాకు కావలసింది ఆ తప్పులే.

నిరుడు తొమ్మిదో తరగతి పిల్లల్ని కైకలూరు వైపు కొల్లేరు గట్టు మీదికి తీసుకెళ్లాను. ఐదుగురికి ఒక ఫోన్, అన్నీ టీచర్లవే. ప్లస్ 5 కాంటూరు అనే మాట ఈ లంక గ్రామాల్లో వినని వాళ్లుండరు. కాంటూరు అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత. సముద్రమట్టానికి 5 అడుగుల ఎత్తు దాకా, సుమారు 308 చదరపు కిలోమీటర్ల మేర సరస్సును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో ఆ గీత లోపలున్న చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. దాన్ని ప్లస్ 3కి తగ్గించాలన్న డిమాండు ఆ తర్వాత వచ్చింది.

"మనం నిలబడ్డ చోటు గీతకు లోపలా, బయటా? ఫోన్ చూసి చెప్పండి" అన్నాను.

ఒక ఫోన్ 6 మీటర్లంది. ఇంకోటి 11. మూడోది మైనస్ 71! "సార్, మనం మునిగిపోయామా?" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

అసలు పాఠం అక్కడ మొదలైంది. జీపీఎస్ ఉపగ్రహాలు 20 వేల కిలోమీటర్ల ఎత్తున, అన్నీ తలపైనే ఉంటాయి. కాళ్ల కింది నుంచి కబురందించేది ఒక్కటీ ఉండదు. అందుకే ఆరుబయట మనమున్న చోటును ఐదారు మీటర్ల తేడాతో చెప్పే ఫోన్, ఎత్తు దగ్గరికొచ్చేసరికి ఇంకా తడబడుతుంది. మైనస్ సంగతి వేరు. జీపీఎస్ ఎత్తు కొలిచేది సముద్రమట్టం నుంచి కాదు, భూమికి లెక్కల్లో గీసుకున్న నున్నటి ఆకారం నుంచి. శ్రీలంకకు దక్షిణాన గురుత్వాకర్షణ తక్కువ కాబట్టి అక్కడ సముద్రమట్టమే ఆ ఆకారానికి 106 మీటర్ల దిగువన ఉంటుంది. ఆ పల్లం మన కోస్తా దాకా పరుచుకుంది. కొన్ని యాప్‌లు ఈ తేడాను సరిచేస్తాయి, కొన్ని చెయ్యవు. 5 అడుగులంటే మీటరున్నర. అది తేల్చడం ఫోన్ వల్ల కాదు. ఫోన్ చూపించి నా చెరువు గీతకు బయటే ఉందని వాదించే పెద్దలక్కూడా ఈ క్లాసు పెట్టాలేమో!

పల్లెల్లో నెట్ ఉండదుగా అంటారు. జీపీఎస్‌కి నెట్‌తో పని లేదు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే చాలు. నా భయం నీలం చుక్కతోనే. దాన్ని చూస్తూ నడిచే పిల్లలు చుట్టూ చూడరు. అందుకే ముందు కాగితం మీద కొల్లేటి నీటిని సముద్రంలోకి మోసే ఉప్పుటేరు ఎటుందో, ఉత్తరం ఎటో ఊహించి గీయమంటాను. ఫోన్ బయటికి తీసేది ఆ తర్వాతే. దిక్సూచి చూసేటప్పుడు బైక్ పక్కన నిలబడొద్దని కూడా చెప్పాలి, ఇనుము దగ్గర ముల్లు దారి తప్పుతుంది.

తిరిగొచ్చే ముందు ఒక పిల్ల వల బాగుచేసుకుంటున్న తాతను అడిగింది, "వరదొస్తే నీళ్లు ఎందాకా వస్తాయి తాతా?" ఆయన లేచి, కరెంటు స్తంభం మీద తన నడుము ఎత్తున ఉన్న మట్టి చారను చూపించాడు. పిల్లలు స్తంభం దగ్గర మ్యాప్‌లో పిన్ పెట్టారు. చార ఎత్తు మాత్రం టేపుతో కొలిచారు.