ప్యాకెట్ మీద కొండ బొమ్మ ఉంటే సరిపోదు

ఒక చీజ్ ప్యాకెట్ చేతిలోకి తీసుకుని చూడండి. ముందువైపు మంచు కప్పిన శిఖరం, దాని కింద పచ్చిక, మెడలో గంట కట్టిన ఆవు. వెనక్కి తిప్పితే చిన్న అక్షరాల్లో ఫ్యాక్టరీ అడ్రస్ ఉంటుంది, ఆ ఫ్యాక్టరీ కొండలకు ఎక్కడో దూరంగా మైదానంలో ఉన్నా ఉండొచ్చు. పాలు ఎక్కడివో, ఆవు ఏం తిన్నదో మాత్రం ఒక్క ముక్క కనపడదు. కొండ గడ్డి మేసిన ఆవు పాలు కదా అని మనం నాలుగు డబ్బులు ఎక్కువే పెడతాం. ఆ డబ్బు కొండ మీదున్న రైతు దాకా వెళ్లిందా లేదా అన్నదే నా బాధ.

ఎందుకంటే కొండ మీద సాగు మామూలు కష్టం కాదు. బాగా ఏటవాలుగా ఉన్న చోట ట్రాక్టర్ నిలబడదు, గడ్డి కొడవలితోనో చేత్తో పట్టుకుని నడిపే చిన్న మెషీన్‌తోనో కోయాలి, ఎండాక దాన్ని పోగుచేసి మోపులుగా మోసుకురావాలి, అదీ చలి ముంచుకొచ్చేలోపు, ఎందుకంటే పైరు పెరిగే కాలమే అక్కడ తక్కువ. యూరోపియన్ యూనియన్ పర్వత ప్రాంతానికి ఇచ్చిన నిర్వచనం కూడా ఇదే చెబుతుంది: ఎత్తు వల్ల వాతావరణం కఠినంగా ఉండి పంట కాలం తగ్గిపోవడం, వాలు వల్ల యంత్రాలు పనికిరాకపోవడం, ఖర్చు పెరిగిపోవడం. అంటే అక్కడి చట్టం షరతులు పెట్టి ప్యాకెట్ల మీద వేసుకోనిచ్చే ‘పర్వత ప్రాంత ఉత్పత్తి’ అనే మాట రుచికి ఇచ్చే సర్టిఫికెట్ కాదు. ఆ కష్టానికి నాలుగు రూపాయలు ఎక్కువ రావాలని పెట్టిన మాట అది.

ఈ మాటకు ఫ్రాన్స్ 1985 నాటి పర్వత చట్టంలోనే రక్షణ ఇచ్చింది. యూనియన్ మొత్తానికి 2012లో చట్టం వచ్చింది, వివరాలు 2014లో ఖరారయ్యాయి. కూరగాయలు, పళ్లు అయితే లెక్క తేలిక, కొండ మీదే పండాలి. తేనె అయితే తేనెటీగలు మకరందం, పుప్పొడి పర్వత ప్రాంతంలోనే తెచ్చుకోవాలి, వాటికి పెట్టే పంచదార ఎక్కడిదైనా ఫర్వాలేదు. మాంసం కోసం పెంచే పశువు జీవితంలో చివరి మూడింట రెండు వంతులు అక్కడే గడపాలి. ఏటా మేతకు కొండెక్కి దిగే మందలకైతే పావు వంతు చాలన్నారు, ఆ కాపరుల బతుకు తీరే అంత కాబట్టి నాకు దాని మీద అభ్యంతరం లేదు.

అసలు చిక్కంతా మేత దగ్గరే. ఆవు, మేక, గొర్రె లాంటి నెమరువేసే పశువులకు ఏడాది మేతలో కనీసం 60 శాతం పర్వత ప్రాంతంలో పండినదై ఉండాలి. ఇది బాగానే ఉంది, కొండ ఇచ్చేదే గడ్డి. పందులకు మాత్రం 25 శాతం చాలు! కారణం లేకపోలేదు, పంది తినేది ధాన్యం, ఆ ఎత్తులో ధాన్యం సరిగ్గా పండదు. రైతు ఇబ్బంది నాకు అర్థమవుతుంది. కానీ నాలుగింట మూడు వంతుల దాణా కింది నుంచి లారీలో వచ్చినప్పుడు, కొనేవాడికి ఆ సంగతి తెలియకుండా అదే మాట అదే సైజు అక్షరాల్లో అచ్చేయడం నాకు నచ్చలేదు. పర్మిషన్ ఇవ్వండి, శాతం కూడా రాయించండి.

ప్రాసెసింగ్ విషయంలోనూ ఒక సడలింపు ఉంది. సూత్రప్రకారం అది కూడా కొండ మీదే జరగాలి, కానీ 2013 జనవరి 3 నాటికే నడుస్తున్న డెయిరీలు పర్వత ప్రాంతానికి 30 కిలోమీటర్ల లోపు ఉంటే చాలు, సభ్య దేశం కావాలంటే ఈ సడలింపు వద్దనవచ్చు. పశువుల కోతకు, ఆలివ్ నూనె తీయడానికి కూడా అదే దూరం. ఉన్న డెయిరీని మూయిస్తే ముందు నష్టపోయేది పాలు పోసే రైతే కాబట్టి ఆ తేదీ పెట్టడం తెలివైన పని, కొత్త ఫ్యాక్టరీలు కిందకు జారిపోకుండా ఆపుతుంది. పాలు చీజ్‌గా మారే చోటే జీతాలుంటాయి, ఆ జీతాలు లేని ఊళ్లో కుర్రాళ్లు నిలబడరు.

మరి ఇవన్నీ ఎవరు చూస్తారు? భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉన్న వాటిలా దీనికి యూనియన్ స్థాయి రిజిస్టర్ లేదు, ఉమ్మడి లోగో కూడా లేదు, తనిఖీ ఆయా దేశాల పని. ఇటలీ సొంతంగా ఒక లోగో తెచ్చుకుంది. స్విట్జర్లాండ్ అయితే ‘పర్వతం’, ‘ఆల్ప్’ అనే రెండు మాటలకూ విడివిడిగా నిబంధనలు పెట్టింది, వేసవి మేత భూముల్లో తయారైనదానికే రెండో మాట.

తనిఖీ గట్టిగా ఉండాలని నేనూ అంటాను, కానీ పది ఆవులున్న మనిషి బయటి ఇన్‌స్పెక్టర్ ఫీజు, ఫారాలు, రికార్డులు అన్నీ భరించాలంటే లేబుల్ చివరికి పెద్ద కంపెనీలకే మిగులుతుంది. అందుకే ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ దగ్గరున్న ‘పర్వత భాగస్వామ్యం’ అనే కూటమి 2016లో మొదలుపెట్టిన పని నాకు నచ్చింది. వాళ్ల లేబుల్ ఆ పదార్థం ఎక్కడ పండింది, ఎలా తయారైంది అన్న కథ చెబుతుంది, దానికి తోడు రైతులే ఒకరి పొలం ఒకరు చూసి హామీ ఇచ్చుకునే పద్ధతినీ ప్రోత్సహిస్తున్నారు. పక్క పొలంవాడికి తెలిసినంత ఏ ఇన్‌స్పెక్టర్‌కీ తెలియదు. అయితే పక్కపక్కవాళ్లు మొహమాటపడే ప్రమాదమూ ఉంది, కాబట్టి అప్పుడప్పుడు బయటి మనిషి చెప్పకుండా వచ్చి చూడాలి, ఆ ఖర్చు ప్రభుత్వం పెట్టుకోవాలి.

ఇక బొమ్మ సంగతి. చట్టం కాపాడింది మాటను. మాట వాడకుండా శిఖరం బొమ్మ ఒక్కటే వేసుకున్నవాడి మీద కేసు పెట్టాలంటే, వినియోగదారుడిని తప్పుదారి పట్టించకూడదనే మామూలు నియమాన్నే పట్టుకోవాలి, ఆ బొమ్మ చూసి కొనేవాళ్లు మోసపోతున్నారని చూపించాలి. నన్నడిగితే శిఖరం బొమ్మకూ ఆ మాటకున్న షరతులే పెట్టాలి. ప్యాకెట్ వెనక మూడు లైన్లు చాలు: మేతలో కొండది ఎంత శాతం, చీజ్ చేసిన ఊరు ఏది, ఆ ఊరు కొండకు ఎన్ని కిలోమీటర్లు.