ఇంటి చదువుకు కిట్ కొనేముందు అందులో తెలుగు ఎక్కడుందో చూడండి

పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివించాలనుకున్న తల్లిదండ్రులు మొదట పాఠ్యక్రమం కోసం వెతుకుతారు. ఆ వెతుకులాట చాలా ఇళ్లలో ఒక పెద్ద కిట్ కొనడంతో ముగుస్తుంది. పెట్టె తెరిస్తే ఇంగ్లీషు అక్షరాల ధ్వనులతో చదవడం నేర్పే ఫోనిక్స్ కార్డులు, డజను వర్క్‌బుక్కులు, రంగు పూసలు, ఏ రోజు ఏం చెప్పాలో రాసిన పట్టిక కనిపిస్తాయి. తెలుగు మాత్రం ఉండదు. ఉంటే వర్ణమాల చార్టు ఒకటి ఉంటుంది. అందులో ఋకి ఋషి, ఘకి ఘటం, ఝకి ఝషం. అయిదేళ్ల పిల్లవాడు ఈ మూడు మాటల్లో ఒక్కదాన్ని కూడా ఇంట్లో విని ఉండడు.

మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసుకు పాఠ్యక్రమాన్ని తూచడానికి రెండు ప్రశ్నలు చాలని నా అభిప్రాయం. ఇంటి భాషలో చదవడం ఏ వరసలో నేర్పుతోంది? అంకె వెనకున్న పరిమాణాన్ని ఏ వరసలో చూపిస్తోంది? ఈ రెండింటికీ సరైన జవాబు లేని కిట్‌లో మిగతావి ఎంత అందంగా ఉన్నా కొనాల్సిన పనిలేదు.

ప్రభుత్వ పత్రాలు కూడా ఈ వయసుకు ఇంతకన్నా ఎక్కువ అడగవు. 2020 జాతీయ విద్యా విధానం, దాని వెంట 2022లో వచ్చిన పునాది దశ పాఠ్య ప్రణాళిక చట్రం మూడు నుంచి ఎనిమిదేళ్ల వరకు ఒకే దశగా చూశాయి. ఒకటి, రెండు తరగతులకు కేంద్ర పాఠ్యపుస్తకాల సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు భాషలకు, గణితానికి మాత్రమే ఉన్నాయి. పరిసరాల విజ్ఞానం మూడో తరగతిలో గానీ మొదలుకాదు. 2020 బడి సంచి విధానం రెండో తరగతి దాకా ఇంటిపని వద్దంది. బడిలోనే ఇంత తక్కువ చాలన్నప్పుడు, యూకేజీ వయసు పిల్లకు ఇంట్లో పద్నాలుగు వర్క్‌బుక్కులు ఎందుకు?

ఎక్కువ పొరపాట్లు జరిగేది తెలుగు చదవడంలోనే. కాబట్టి దాన్ని కాస్త వివరంగా చూడాలి. వర్ణమాల వరసలో వెళ్తే పిల్లవాడు అ నుంచి అః దాకా, తర్వాత క నుంచి ఱ దాకా దాటాలి. ఆ పైన ఒక్కో హల్లుకీ గుణింతం, ఆ తర్వాత వత్తులు. ఏడాది గడిచినా అర్థమున్న వాక్యం ఒక్కటీ కంటపడదు. ఇంగ్లీషు ఇరవయ్యారు అక్షరాలు నేర్చుకున్నంత తొందరగా ఇది కావాలనుకోవడం కూడా తప్పే. తెలుగు లిపి పూర్తిగా పట్టుబడడానికి మూడేళ్లు పడితే అది వెనకబాటు కాదు, లిపి స్వభావమే అంత.

వరస మార్చి చూడండి. త, ల, వ, క, ప, డ, న, గ, ద, ర అనే పది అక్షరాలతో తల, కల, వల, వడ, నగ, గద, పలక, పడవ, కడవ, గడప, నడక, పడక, దవడ, కలప, వరద, తలగడ లాంటి మాటలు ఇరవై దాకా వస్తాయి. వారానికి రెండక్షరాల చొప్పున నెలన్నరలో పిల్ల ఈ మాటలు చదువుతుంది. ఆ తర్వాత క, కా, కి, కీ అంటూ ఒకే హల్లుకు గుణింతమంతా వల్లె వేయించకూడదు. ఒకే గుర్తును ఆ పది హల్లులకూ పెట్టించాలి. దీర్ఘం ఒక్కటి చేరగానే వాన, తాత, పాప, పాక, కాకర వచ్చేస్తాయి. గుడి చేరితే గది, నది, కవి, గాలి, గిలక. ఇలా ఒక్కో గుర్తుకు వారం, పదిరోజులు ఇస్తే చాలు.

పిల్లలు తడబడే చోట్లు ముందే తెలిసినవే. వు రాసినప్పుడు మలా కనిపిస్తుంది, పు రాసినప్పుడు ఘలా. ద, డ, ధ, థ ఒకే రోజు నేర్పితే నాలుగూ కలిసిపోతాయి. వాటి మధ్య కనీసం రెండేసి వారాల ఎడం ఉండాలి. మొ, యొల్లో ఒత్వం మిగతా హల్లులకు వచ్చినట్టు రాదు కనుక వాటిని చివరికి వదిలేయాలి. వత్తుల్లో త, న, మ, య, ర, ల వత్తులు తల్లి అక్షరాన్ని పోలి ఉండవు. వాటిని విడిగా, బొమ్మ గుర్తుపెట్టుకున్నట్టు గుర్తుపెట్టుకోవాల్సిందే. ఇక అమ్మ, నాన్న, అక్క, అన్న, అవ్వ. బిడ్డకు అన్నిటికన్నా ముందు తెలిసిన ఈ మాటలన్నిటిలోనూ వత్తే ఉంది. అక్షరాల క్రమం కోసం వాటిని ఏడాదిపాటు ఆపడం అన్యాయం. మొదటి రోజు నుంచే వీటిని అట్టముక్కల మీద పూర్తి మాటలుగా చూపించి గుర్తుపట్టనివ్వాలి. వత్తులు నేర్పే రోజున అదే అట్ట తీసి విడగొట్టి చూపిస్తే సరిపోతుంది.

పాఠ్యక్రమంలోని మాటలు ఇంట్లో వాడేవేనా అన్నదీ చూడాలి. ఒక ఇంట్లో ఆనపకాయ, ఇంకో ఇంట్లో సొరకాయ. బొమ్మ చూసి పిల్ల సొరకాయ అంటే పుస్తకంలో ఆనపకాయ అని ఉందని తప్పు దిద్దకూడదు. రెండూ రాసి పెట్టాలి. ఇంట్లో లంబాడీయో, గోండీయో, ఉర్దూయో మాట్లాడే పిల్లలకైతే తెలుగు కూడా రెండో భాషే. వాళ్లకు లిపి కన్నా ముందు ఆరు నెలలు తెలుగు మాటలు, కథలు వినిపించాలి.

ఫోనిక్స్ కిట్ల చిక్కూ ఇక్కడే ఉంది. అవి ఇంగ్లీషు మాట్లాడే ఇళ్ల పిల్లల కోసం తయారైనవి. ఆ పిల్లకు మాప్, రగ్, హెన్ అప్పటికే తెలిసిన మాటలు, కిట్ వాటి రాతను మాత్రమే నేర్పుతుంది. ఇంట్లో తెలుగే వినిపించే పిల్ల అదే కార్డును చక్కగా పలుకుతుంది గానీ అది ఏమిటో చెప్పలేదు. తల్లిదండ్రులేమో ఇంగ్లీషు చదవడం వచ్చేసిందనుకుంటారు. మూడో తరగతి స్థాయి పేరా ముందు పెట్టినప్పుడు గానీ అసలు సంగతి బయటపడదు. ఇంగ్లీషుకు మొదటి ఏడాది పుస్తకం కొనకండి. రోజుకు పావుగంట మాటలు, పాటలు, బొమ్మల కథలు చాలు. తెలుగులో రెండు మూడు వాక్యాలు కూడబలుక్కోకుండా చదివే స్థాయికి వచ్చాక ఫోనిక్స్ తెరిస్తే ఏడాది పని నాలుగైదు నెలల్లో అవుతుంది. అక్షరాన్ని ధ్వనిగా మార్చే కిటుకు అప్పటికే తెలుసు కదా.

లెక్కల్లో తెలుగు ఇచ్చే సాయం చాలామంది గమనించరు. ఇరవై మూడు అనగానే రెండు పదులు, మూడు ఒకట్లు చెవికి విడివిడిగా వినిపిస్తాయి. పదమూడు, పద్నాలుగుల్లో పది ముందే నిలబడి ఉంటుంది. ఇంగ్లీషు ఎలెవెన్, ట్వెల్వ్‌లలో పది జాడే లేదు. అయినా ఇప్పుడు చాలా ఇళ్లలో పిల్లలకు అంకెలు ఇంగ్లీషులోనే వచ్చు. నూరు దాకా తెలుగులో లెక్కపెట్టించడం పాత ముచ్చట కాదు, స్థానవిలువకు అది మొదటి మెట్టు. పంతొమ్మిది, ఎనభై, తొంభై దగ్గర కాస్త ఆగి చెప్పాలి, అంతే.

వస్తువు, తర్వాత బొమ్మ, ఆ తర్వాతే అంకె. సింగపూర్ గణితం పేరుతో అమ్మే పుస్తకాల బలం ఈ వరసలోనే ఉంది. వరస మంచిదే గానీ దానికి ఖరీదైన సామాను అక్కర్లేదు. నూట ఇరవై చింతగింజలు, నూటయాభై చీపురుపుల్లలు, రబ్బరు బ్యాండ్లు చాలు. పది పుల్లలు ఒక కట్ట. 42 లోంచి 17 తీయమంటే పిల్ల నాలుగు కట్టలు, రెండు విడి పుల్లలు పెట్టుకుని, ఏడు తీయడానికి విడివి చాలక ఒక కట్ట విప్పుతుంది. అప్పు తెచ్చుకోవడం అంటే ఆ విప్పడమే. కట్ట విప్పకుండా కాగితం మీదే నేర్చుకున్న పిల్లలు ఏడు లోంచి రెండు తీసి 35 అని రాస్తారు. ఈ తప్పు అజాగ్రత్త కాదు, వరస తప్పిన ఫలితం.

ఇంకో తప్పు మూడు వందల అయిదును 3005 అని రాయడం. చెవికి విన్నది విన్నట్టు రాస్తే అదే వస్తుంది మరి. దీనికి ఇరవై ఏడు అట్టముక్కలు కోయండి: 1 నుంచి 9 వరకు మూడు సెంటీమీటర్ల వెడల్పు, 10 నుంచి 90 వరకు ఆరు, 100 నుంచి 900 వరకు తొమ్మిది. 300 అట్ట చివర 5 అట్ట పెడితే సున్నా కిందికి పోయి 305 కనిపిస్తుంది. వారం రోజులు పిల్ల చేతులతో పెట్టిస్తే ఆ తప్పు చాలామందిలో పోతుంది. విదేశీ పుస్తకాలు వాడేవాళ్లు మరో సంగతి చూసుకోవాలి: సెంట్లు, అంగుళాలు, పౌండ్లు, వెయ్యి తర్వాత నేరుగా మిలియన్. లక్ష ఎక్కడా రాదు, కామా కూడా 1,00,000లో మనం పెట్టే చోట ఉండదు.

మరి పుస్తకాలు ఏవి? వెన్నెముకకు రాష్ట్ర పాఠ్యపుస్తకాలే చాలు. వాటిని తయారుచేసే తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఎస్‌సీఈఆర్‌టీల పుస్తకాలు ఉచితంగా దొరుకుతాయి. రెండు రాష్ట్రాలూ ఒక పక్క తెలుగు, ఎదుటి పక్క ఇంగ్లీషు ఉన్న ద్విభాషా పుస్తకాలు తెచ్చాయి. లోపం ఏమిటంటే అవి ముప్పై మంది పిల్లలు, ఒక టీచరు ఉన్న గదిని దృష్టిలో పెట్టుకుని రాసినవి. పాఠ్యపుస్తకం ఒక్కటే చూస్తే సగం ఖాళీగా అనిపిస్తుంది, చెప్పే పద్ధతి ఉపాధ్యాయుల కరదీపికలో ఉంటుంది. అది కూడా దింపుకోండి. కథలకు ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో స్థాయిల వారీగా తెలుగు కథలు ఉచితం. హైదరాబాద్‌లోని మంచి పుస్తకం సంస్థ తక్కువ ధరకు పిల్లల పుస్తకాలు వేస్తోంది. కొనాల్సిందేదైనా ఉంటే ముందు నమూనా అడగండి. మొదటి పాఠం కాదు, ఏడాది మధ్యలోని పాఠం చూడండి. మొదటి పాఠం ఏ పుస్తకంలోనైనా బాగానే ఉంటుంది. వయసు చూసి కూడా కొనొద్దు. ఒకే పిల్ల చదవడంలో ఒకటో తరగతి దగ్గర, లెక్కల్లో రెండో తరగతి దగ్గర ఉండడం మామూలే. అన్ని సబ్జెక్టులూ ఒకే తరగతికి కట్టేసిన కిట్‌లో ఆ వీలు ఉండదు.

సమయం సంగతి క్లుప్తంగా. నాలుగేళ్లకు కూర్చోబెట్టి చెప్పేది పదిహేను నిమిషాలు, ఆరేళ్లకు గంట లోపు, ఎనిమిదేళ్లకు రెండు గంటల లోపు. రోజూ చదివి వినిపించే ఇరవై నిమిషాలు వీటికి అదనం. ఇంట్లో బడి గంటలు పెట్టినవాళ్లు సాధారణంగా రెండు నెలల్లోపే అలసిపోతారు.

బయటికి వెళ్లే దారి చూసుకోకుండా లోపలికి అడుగు పెట్టకూడదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టంలో పదో సెక్షన్, ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల్ని బడిలో చేర్చడం తల్లిదండ్రుల విధి అంటుంది. చేర్చకపోతే తల్లిదండ్రులకు శిక్ష మాత్రం చెప్పదు. ఇంటి చదువును పేరు పెట్టి గుర్తించదు, నిషేధించదు. నాలుగో సెక్షన్ ప్రకారం బడి మానిన, అసలు చేరని పిల్లల్ని వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి. బడికి వెళ్లకుండానే పరీక్షలు రాసే వీలున్న జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ (ఎన్‌ఐఓఎస్)లో ఏ, బీ, సీ స్థాయిలు మూడు, అయిదు, ఎనిమిది తరగతులకు సమానం. పదో తరగతికి కనీస వయసు పద్నాలుగు, తెలుగులోనూ రాయవచ్చు. నవోదయ సీటు ఆశ ఉన్నవాళ్లకు లెక్క వేరు. మూడు, నాలుగు, అయిదు తరగతులు గుర్తింపు ఉన్న బడిలో చదివి ఉండాలి కాబట్టి ఇంటి చదువు రెండో తరగతితో ఆపాల్సిందే.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. టెక్సాస్‌లో చదవడం, స్పెల్లింగ్, వ్యాకరణం, గణితం, పౌర బాధ్యతలు చెబితే చాలు, నమోదు అక్కర్లేదు. న్యూయార్క్‌లో ముందే తెలియజేయాలి, ఏడాది ప్రణాళిక ఇవ్వాలి, మూడు నెలలకోసారి నివేదిక పంపాలి. రెండు చోట్లా తెలుగు ఎవరూ అడగరు. అందుకే అక్కడ దాన్ని రోజువారీ పట్టికలో మొదటి గంటలోనే పెట్టుకోవాలి, మిగిలిన టైముకు వదిలితే మిగలదు.

ఎంచుకున్నది పనిచేస్తోందో లేదో చెప్పడానికి పరీక్షలు వద్దు. ఆరు వారాలకోసారి మూడు పనులు చేయండి. తెలియని కథలోంచి ఒక పేజీ చదివించి ఫోన్‌లో నిమిషం రికార్డు చేయండి. ఒక లెక్కను పుల్లలతో చేయించి, అదే కాగితం మీద రాయించండి. పిల్ల తనంతట తాను రాసిన నాలుగు వాక్యాల కాగితం తేదీ వేసి దాచండి. చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు రావాలని కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్ పథకం మూడో తరగతికి పెట్టిన నిమిషానికి అరవై మాటల లక్ష్యంతో ఆ రికార్డును కొలవకండి. చదువుకుంటున్నప్పుడు అనేది తెలుగులో ఒక్క మాట, ఇంగ్లీషులో మూడో నాలుగో అవుతాయి. 2022లో ఎన్‌సీఈఆర్‌టీ అధ్యయనం కూడా ఒక్కో భాషకు విడిగా ప్రమాణం పెట్టింది. ఈ నెల రికార్డును ఆరు వారాల కిందటి దాని పక్కన పెట్టి వినండి. రెండు విడతల్లో మార్పు లేకపోతే పుస్తకం మార్చేముందు రెండు వారాలు వెనక్కి వెళ్లి, తడబడిన గుర్తుల దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టండి. రేపు బడిలో చేర్చాల్సి వస్తే, పుట్టిన తేదీ పత్రంతో పాటు ఈ కాగితాలు, రికార్డులు హెడ్మాస్టరు ముందు పెట్టవచ్చు.