కిలో పదిహేను రూపాయల ప్రేమ

విశాఖపట్నంలో స్వచ్ఛమైన ప్రేమ ప్రస్తుతం కిలో పదిహేను రూపాయలు పలుకుతోంది. పాత పేపర్లు కొనే అతని త్రాసులో, వారపత్రికలకీ కరెంటు బిల్లులకీ మధ్య దొరుకుతుంది. బేరమాడితే ఇంకా తగ్గుతుంది. మా పెదనాన్న ఆడారు, తగ్గింది.

ఆయన రిటైరై చాలా కాలమైంది. పొద్దున్నే బీచ్ రోడ్డులో బండ్లు ఆపేసే వేళ ఒక నడక, టిఫిన్ అయ్యాక వన్‌టౌన్‌లో పాత సామాన్ల కొట్ల చుట్టూ ఇంకో నడక. మొదటిది షుగరు కోసం, రెండోది చరిత్ర కోసం. ఎవరివో ఉత్తరాలు, ఎవరివో పెళ్లి ఫొటోలు తెచ్చి, తడిగుడ్డతో తుడిచి (వద్దని చెప్పినా వినరు), ఫోన్‌తో ఫొటో తీసి మా కుటుంబం గ్రూపులో పెడతారు. కింద ఎప్పుడూ ఒకటే వాక్యం: "ఆ రోజుల్లో ప్రేమంటే ఇదీ." వెంటనే మావాళ్లందరూ వరసపెట్టి కన్నీళ్ల బొమ్మలు పంపుతారు. ఆ జంట మనకేమీ కారు కాబట్టి కులం ఏమిటి, కట్నం ఎంత అన్న మాట రాదు. హాయిగా ఏడవచ్చు.

కాలనిర్ణయంలో పెదనాన్నది సొంత పద్ధతి. కాగితం రంగు మారి ఉంటే అది 1942. ఆ ఏడాది ఏప్రిల్ 6న జపాన్ వాళ్లు విశాఖ మీద బాంబులు వేశారు. జనం ఊరొదిలి పోయారు. జనం చెదిరిపోతే విరహం తప్పదు, విరహం ఉన్నచోట ఉత్తరం తప్పదు. ఈ తర్కంలో నాకు లోపం కనబడలేదు. కాకపోతే మొన్న పెట్టిన ప్రేమలేఖ నీలం రంగు ఇన్‌లాండ్ లెటర్. మన దేశంలో అది వచ్చిందే 1950లో. పైగా అడ్రసు కింద పిన్ కోడ్‌కి ఆరు గళ్లు అచ్చువేసి ఉన్నాయి, వాటిలో 530001 అని గుండ్రటి అంకెలు. పిన్ కోడ్ పుట్టింది 1972 ఆగస్టు 15న. ఈ సంగతి భయభక్తులతో విన్నవించుకున్నాను.

"ఏట్రా, ప్రేమకి పిన్ కోడ్ ఏట్రా?" అన్నారు పెదనాన్న.

గ్రూపంతా చప్పట్లు. దాంతో అది 1942 నాటిదేనని తీర్మానమైపోయింది.

అసలు కాగితం చూద్దామని వాళ్లింటికి వెళ్లాను. "ఇక్కడ అంతా క్షేమం, అక్కడ నీ క్షేమం తెలుపగలవు" అని మొదలైంది. తర్వాత చిన్నవాడి దగ్గు. ఆ తర్వాత నాలుగు పంక్తుల నిండా పాలవాడి బాకీ: నెలాఖరు దాకా ఆగమను, ఆగనంటే పక్కింటివాళ్ల దగ్గర చేబదులు తీసుకో, వాడితో గొడవపడకు. పిమ్మట పెద్దలకు నమస్కారాలు, పిల్లలకు ఆశీస్సులు. ప్రేమ ఏదీ అని వెతికితే, మడిచి జిగురు అంటించే పట్టీ లోపల ఉంది, అక్షరాలు చీమలంత: "నువ్వు లేక మెస్సులో కూర కూడా సయించడం లేదు. అందుకే రోజూ..." అక్కడితో కాగితం లేదు. ఇన్‌లాండ్ లెటర్‌ని అంచు వెంబడి ఓపిగ్గా విప్పాలి, తొందరపడితే చివరి మాట పట్టీతోపాటు చిరిగిపోతుంది. అందుకున్నావిడ తొందరపడింది. నాకైతే ఉత్తరం మొత్తమ్మీద ఆ చిరుగే ప్రేమలేఖలా కనిపించింది. గ్రూపులో పెట్టిన ఫొటోలో పెదనాన్న దాన్ని కత్తిరించేశారు, అందంగా లేదట.

రాసినాయన్ని అడగకుండా ఇలా పంచవచ్చా అని 1957 కాపీరైటు చట్టం ఎత్తాను. కాగితం ఎవరి చేతికి వచ్చినా, అందులో రాసిన మాటల మీద హక్కు రాసినవాడిదే.

"కిలో లెక్కన కొన్నాన్రా. మాటలు తీసేసి తూచలేదు కదా కొట్టువాడు!"

దీనికి చట్టంలో జవాబున్నట్టు లేదు.

ఫొటోలదీ ఇదే దారి. అసలు సముద్రం కూతవేటు దూరంలో ఉండగా, స్టూడియో తెర మీద గీసిన కొలను ముందు ఒక జంట. ఆయన కుర్చీలో, ఆవిడ కుర్చీ అంచున వేళ్లు ఆనించి నిలబడి. ఫొటో చుట్టూ వెండిలాంటి మెరుపు. అది ఆ దంపతుల ఆత్మకాంతి అని పెదనాన్న రాశారు. నలుపు తెలుపు ఫొటోలో బొమ్మ కట్టేది వెండితోనే, మన ఊరి తేమకి అదే పైకి తేలుతుంది అని నేను చెప్పలేదు. పిన్ కోడ్ దెబ్బ ఇంకా తగ్గలేదు.

మా సొంత ఫొటోలు ఏవని అడగకండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫానుకి ఇంట్లోకి నీళ్లొచ్చి, ఆల్బమ్‌లో ప్లాస్టిక్ కాగితానికి అతుక్కుపోయాయి. ఆరబెట్టి విడదీయడానికి ఎవరికీ తీరిక లేక చెత్తబండిలో వేశాం. మనవి అటు పోతాయి, ఎవరివో ఇటు వస్తాయి. లెక్క సరిపోయింది.

మా ఇంట్లో ప్రేమలేఖ కూడా ఒకటి ఉండేది. 1984లో, మా చిన్న మేనత్త ఫిజిక్స్ రికార్డులో, నాలుగు ఫుల్‌స్కేప్ కాగితాలు. పెదనాన్నే పట్టుకున్నారు, పెరట్లో నీళ్లు కాచే బాయిలర్లో వేశారు. ఆ రోజు నీళ్లు తొందరగా కాగాయని ఇప్పటికీ పెళ్లిళ్లలో జోకుగా చెబుతారు. నాలుగు కాగితాలంటే ఇరవై గ్రాములు. నేటి ధర ప్రకారం కుటుంబానికి జరిగిన నష్టం ముప్పై పైసలు.

అత్త కూడా ఆ గ్రూపులో ఉంది. కన్నీళ్ల బొమ్మ ఎప్పుడూ పెట్టలేదు. ఈ ఉత్తరానికి మాత్రం, అందరూ ఏడవడం అయ్యాక, ఒక్క మాట రాసింది: "ఇంతకీ ఆ పాలవాడి బాకీ తీరిందా, పెద్దన్నయ్యా?"

కాసేపటికి పెదనాన్న దగ్గర్నించి ఇంకో పెళ్లి ఫొటో వచ్చింది. పెళ్లికొడుకు బెల్‌బాటమ్ ప్యాంటులో ఉన్నాడు. కింద 1942 అని రాసి ఉంది.