రెడ్ లిస్టు గారికి, అచ్చంపేట దగ్గర నుంచి

అయ్యా రెడ్ లిస్టు గారూ,

నమస్తే. ఐయూసీఎన్ అనే ప్రకృతి సంరక్షణ సంస్థ రాసే, అంతరించే ముప్పున్న జీవుల జాబితా మీరు. 1964లో పుట్టారట. మా నాయిన కన్నా రెండేళ్లు చిన్న. అయినా లోకంలోని చెట్టూ చేమల చావుబతుకులు రాసే పెద్దమనిషి కదా అని 'గారూ' అంటున్నాను. మీ సంస్థ పెద్దాఫీసు స్విట్జర్లాండ్‌లో, మా ఊరు నల్లమల అంచున. ఉత్తరం చేరేసరికి ఇక్కడ ఇంకో చెట్టు పోయినా పోవచ్చు.

మీ పద్ధతి చదివాను, మెచ్చుకున్నాను. ఒక జాతిలో కాపుకొచ్చిన చెట్లు 1000 కన్నా తక్కువైతే ఒక ముద్ర, 250 దిగితే ఇంకోటి, 50 దిగితే 'తీవ్ర ప్రమాదం'. మొలకలు లెక్కలోకి రావు. మా పంచాయతీ ఓటరు లిస్టు కూడా ఇంతే, పద్దెనిమిది నిండాలి. పదేళ్లలోనో మూడు తరాల్లోనో, ఏది ఎక్కువైతే అందులో, 80 శాతం తగ్గినా అదే ముద్ర. మూడు తరాలంటే మాకు తాత, నాయిన, నేను. చెట్టుకు ఎన్ని వందల ఏళ్లో!

'సమాచారం చాలదు' అని మీకో గది కూడా ఉందట. అది చదివి ఎంత సంతోషమైందో చెప్పలేను. మా భూమి ఫైలు ఒక ఆఫీసులో నాలుగేళ్లుగా ఆ గదిలోనే ఉంది.

ఎర్రచందనం సంగతి మాత్రం అర్థం కాలేదు. 'అంతరించే ప్రమాదం'లో ఉన్నదాన్ని 2018లో 'ముప్పుకు దగ్గర' అని కిందికి దించారు. 2021లో మళ్లీ పాత చోటికే ఎక్కించారు. మా స్కూలు సార్ల ట్రాన్స్‌ఫర్లు కూడా ఇంత తొందరగా రద్దు కావు. శేషాచలంలో గొడ్డళ్లు పట్టుకుని తిరిగేవాళ్లకు ఈ ఆర్డర్ల కాపీ అందిందో లేదో.

ఇంకో మాట. మీరు జాతిని చూస్తారు, చెట్టును చూడరు. మర్రి జాతికి ముప్పేమీ లేదు. కానీ మా పాలమూరు పిల్లలమర్రికి, మూడెకరాల్లో పరుచుకుని ఏడు వందల ఏళ్లదని చెప్పుకునే చెట్టుకు, చెద పట్టింది. 2018లో కొమ్మకొమ్మకూ సెలైన్ బాటిళ్లు వేలాడదీసి మందు ఎక్కించారు. మంచం ఒక్కటే తక్కువ. చూడ్డానికి పోయినవాళ్లు కమలాపండ్లు తీసుకుపోవాలేమో అనిపించింది.

అసలు నేను రాస్తున్నది మోదుగ గురించి. మీ లిస్టులో అది 'ఆందోళన అక్కర్లేదు' గదిలో హాయిగా ఉంది. ఇండియా నుంచి ఇండోనేషియా దాకా ఉంటుంది కాబట్టి మా ఊరు మీకు ఆనదు. మా నాయనమ్మ ఎండాకాలం వాకిట్లో కాళ్లు చాపుకుని కూర్చునేది. ఈనెపుల్లను పళ్లతో పుటుక్కున విరిచి మోదుగాకులు కుట్టేది. నడుమ పెద్దాకు, చుట్టూ ఏడో ఎనిమిదో. కుట్టిన ఇస్తరాకుల మీద బండ పెట్టి అణిచేది. ఊళ్లో పెళ్లంటే ఆమె కట్టలు పోవాల్సిందే.

ఇప్పుడు మా ఊళ్లో మోదుగలు మూడు. ఒకటి పోచమ్మ గుడి వెనక. ఒకటి కాలువ గట్టు మీద, జేసీబీ గీరిన మచ్చతో. మూడోది వెంచర్ హద్దురాయి పక్కన. దాని మొదలుకు తెల్ల పెయింట్‌తో 14 అని రాశారు. అది చెట్టు నంబరా, ప్లాటు నంబరా అని అడిగితే వాచ్‌మన్ నవ్వాడు. మిగతా జాగా అంతా సర్కారు తుమ్మ. దాన్ని ఏ లిస్టులో ఎక్కించకపోయినా ఏమీ కాదు, నరికినకొద్దీ గుంపుగా లేస్తుంది.

మూడంటే మీ 50 కన్నా తక్కువే కదా? లోకం లెక్క వేరు, ఊరి లెక్క వేరు అంటారు. సరే. ఒక్కసారి వచ్చి చూసిపొండి. వచ్చేదుంటే హోలీకి ముందు రండి. అప్పుడు ఆకంతా రాలి చెట్టు నెత్తి మీద పూలే ఉంటాయి, మీ పేరంత ఎర్రగా. కళ్లద్దాలు మరిచిపోయినా లెక్కపెట్టొచ్చు. ఒక పూట చాలు. మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే.

ఇస్తరాకు మాత్రం ప్లాస్టిక్‌ది, ఏమీ అనుకోకండి.

ఇట్లు,
14వ నంబరు చెట్టు ఎదురింటివాడు