పేషెంటు తాలూకా ఎవరండీ?

మా వంశంలో నాకొక హోదా ఉంది. ఎవరికి ఆపరేషనైనా సంతకం పెట్టేది నేనే. ఇప్పటిదాకా రెండు గర్భసంచులు, మూడు కాన్పులు, ఒక మోకాలు, ఒక బైపాస్ నా సంతకం మీదే జరిగాయి. ఒక్క కాగితమూ చదివిన పాపాన పోలేదు. థియేటర్ తలుపు సగం తెరిచి, సిస్టర్ తల మాత్రం బయటపెట్టి "పేషెంటు తాలూకా ఎవరండీ?" అని కేకేయగానే, కుర్చీ కింద చెప్పులు కాలితో వెతుక్కుంటూ లేచే మనిషిని నేను. ఆస్పత్రి లెక్కలో మనుషులు రెండే రకాలు. పేషెంటుకి మంచం ఇస్తారు. తాలూకాకి అధికారం ఇస్తారు.

ఇంత అనుభవం ఉన్నవాణ్ణి కనుక వైద్యనీతి గురించి నాలుగు ముక్కలు చెప్పే అర్హత నాకుందనే అనుకుంటున్నాను. ఆ శాస్త్రంలో ఉన్నవీ నాలుగు ముక్కలేనట. 1979లో ఇద్దరు అమెరికా ఆచార్యులు కూర్చుని తేల్చారు: రోగి నిర్ణయానికి విలువ ఇవ్వడం, మేలు చేయడం, కీడు చేయకపోవడం, అందరినీ న్యాయంగా చూడడం. అప్పట్నుంచీ మెడికల్ కాలేజీ పిల్లలు ఇవే వల్లె వేస్తున్నారు. పాపం, ఆ ఆచార్యులకి మన వరండాలు తెలియవు. తెలిస్తే రోగి మాటని తీసుకెళ్లి జాబితాలో మొదట పెట్టేవారా?

వాళ్ల భయం వాళ్లది లెండి. నాజీ డాక్టర్లు ఖైదీల మీద చేసిన ప్రయోగాలు విచారించాక, 1947లో న్యూరెంబర్గ్ కోర్టు పది నియమాలు పెట్టింది. మొదటిదే, మనిషి తనంతట తాను ఒప్పుకుని తీరాలని. అమెరికాలో టస్కెగీ దగ్గర 1932 నుంచి 1972 దాకా సిఫిలిస్ ఉన్న నల్లజాతి పేదల్ని ప్రభుత్వ డాక్టర్లు వైద్యం చేయకుండా కేవలం చూస్తూ కూర్చున్నారు. మధ్యలో ఆ జబ్బుని నయం చేసే పెన్సిలిన్ వచ్చినా ఇవ్వలేదు. "మీ రక్తం చెడింది, మందిస్తున్నాం" అని మాత్రం చెప్పారు. అలాంటి చరిత్ర ఉన్నవాళ్లు కాగితాలు చదువుకుంటారు. మనకేం ఖర్మ? మనకి ఖమ్మం ఉంది.

2009లో ఆ జిల్లాలో హెచ్‌పీవీ టీకా అధ్యయనం పేరిట 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు దాదాపు 14,000 మందికి సూదులు వేశారు. వాళ్లలో చాలామంది ఆశ్రమ హాస్టళ్లలో చదివే గిరిజన పిల్లలు. టీకా మంచిదే, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా కాపాడుతుంది. తర్వాత చనిపోయిన పిల్లల విషయంలో టీకా కారణం కాదని విచారణ కమిటీ కూడా చెప్పింది. నేను మాట్లాడేది కాగితాల సంగతి. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లెక్కకొచ్చిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలు, 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని గట్టిగా తప్పుపట్టింది. నాకు మాత్రం అసూయ కలిగింది. నేను పాతికేళ్లు తిరిగి ఏడెనిమిది మందికి తాలూకానయ్యాను. ఒక్క వార్డెన్ గారు హాస్టల్ మొత్తానికీ తాలూకా. అమ్మానాన్నలు పోడు చేలో ఉంటే ఏం, రిజిస్టర్ ఆయన బల్ల మీదే ఉంది కదా.

ఇలా సాఫీగా సాగుతున్న వ్యవస్థకి మా పెదనాన్న అడ్డం పడ్డాడు.

ఆయన తెనాలిలో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా వేపచెట్టు కింద నలభై ఏళ్లు దస్తావేజులు రాసిన మనిషి. కిందటి నెల గాల్ బ్లాడర్‌లో రాళ్లని గుంటూరు తీసుకెళ్లాం. తెల్లారితే ఆపరేషన్ అనగా, రాత్రి తొమ్మిదిన్నరకి సిస్టర్ ప్యాడ్ పట్టుకుని వచ్చింది. ఆరు కాగితాలు, ఆరూ ఇంగ్లీషే. సంతకం చేయాల్సిన చోటల్లా పెన్సిల్‌తో ఇంటూ మార్కులు. అలవాటు ప్రకారం నాకిచ్చింది. అలవాటు ప్రకారం నేనూ పెన్ను మూత తీశాను.

"ఏదీ, ఇలా ఇవ్వు" అని వినిపించింది మంచం మీంచి.

సిస్టర్ ఉలిక్కిపడి చూసింది, మంచమే మాట్లాడిందన్నట్టు.

ఆయన కళ్లజోడు తెప్పించుకుని, ప్యాడ్ ఒళ్లో పెట్టుకుని, ఒక్కో వరస కింద వేలు జరుపుతూ చదివాడు. ఆయనకి వచ్చింది దస్తావేజుల ఇంగ్లీషే కానీ, ఈ కాగితాలకి అది చాలు. సర్జన్ పేరు దగ్గర ఖాళీ. ఆపరేషన్ పేరు దగ్గర ఖాళీ. మత్తు ఎవరిస్తారన్న దగ్గర ఇంకా పెద్ద ఖాళీ.

"ఖాళీ కాగితం మీద సంతకం పెట్టినవాడి పొలం ఏమవుతుందో తెలుసురా నీకు?" అన్నాడు నాతో. తర్వాత సిస్టర్ వైపు తిరిగాడు. "అమ్మాయ్, ఇక్కడ 'అవసరమని తోచిన ఇతర ఆపరేషన్లు' అని రాశారు. మరి దీనికి చెక్కుబందీ ఏది?"

"అది రాయలేదు తాతగారూ. పైన ల్యాబ్‌లో చేస్తారేమో, పొద్దున అడుగుతాను."

"టెస్టు కాదమ్మా, హద్దులు. తూర్పున ఎవరి చేను, పడమట ఏ కాలువ అని రాయాలా వద్దా? ఎకరం ముప్పై సెంట్లు అమ్మేవాడు ఎకరం ముప్పై సెంట్లనే రాయాలి. 'అవసరమైనంత' అని రాస్తే రిజిస్ట్రారు మొహాన కొడతాడు. ఎక్కడిదాకా కోస్తారో, ఎక్కడ ఆపుతారో రాయించుకురా."

డ్యూటీ డాక్టర్‌ని పిలుస్తానని వెళ్లింది. బిల్లింగ్ కుర్రాడు వచ్చాడు. "పెద్దాయన ఏమైనా ఇబ్బంది పెడుతున్నారా సార్?" అని నన్నే అడిగాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

అసలు బాధేమిటంటే, సుప్రీంకోర్టు కూడా ఈయన మాటే అంది. చెక్కుబందీ అనే మాట వాడలేదంతే. ఢిల్లీలో 44 ఏళ్ల పెళ్లికాని స్త్రీ కడుపులో ఏముందో చూడటానికి లాప్రోస్కోపీకి ఒప్పుకుంది. ఆవిడ మత్తులో ఉండగా, బయట కూర్చున్న తల్లిని అడిగి, గర్భసంచీ అండాశయాలూ తీసేశారు. 2008లో సమీరా కోహ్లీ కేసుగా తీర్పొచ్చింది. ప్రాణం మీదికి వచ్చిన పరిస్థితి కానప్పుడు, మంచీచెడూ తెలిసిన, మైనారిటీ తీరిన మనిషి తరఫున తల్లి కూడా ఒప్పుకోకూడదంది కోర్టు. చూడమని ఇచ్చిన అనుమతి తీసేయమని ఇచ్చినట్టు కాదంది. తెలివి వచ్చేదాకా ఆగి ఆవిడనే అడగాల్సిందట. తల్లికే దిక్కులేదంటే మేనల్లుళ్లు, తోడల్లుళ్లు, తమ్ముడి కొడుకులు ఏమైపోవాలి?

అయినా డాక్టర్ల నియమావళి మాకు కొంత అండగా ఉందని తెలిసి ఊరట పొందాను. 2002లో మెడికల్ కౌన్సిల్ పెట్టిన నియమాల్లో 7.16 చదవండి. ఆపరేషన్‌కి ముందు రాతపూర్వకంగా ఎవరి అంగీకారం తీసుకోవాలో వరసగా ఉంటుంది: భర్త లేదా భార్య, మైనరైతే తల్లిదండ్రులో సంరక్షకులో, లేదా ఆ పేషెంటే. బంతి భోజనాల్లో ఆఖరి విస్తరి ఎవరిదో చూశారుగా.

ఇక మేలు చేయడం అనే సూత్రం. దాన్ని మనవాళ్లు ఆచార్యుల ఊహకి అందనంత దూరం తీసుకెళ్లారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద సిజేరియన్ కాన్పులు 21.5 శాతమైతే, తెలంగాణలో 60.7. దేశంలో మొదటి స్థానం. డాక్టర్లనే ఆడిపోసుకోవడం అన్యాయం, మనమూ కష్టపడ్డాం. మా మేనకోడలు హైదరాబాద్‌లో కాన్పుకి వెళ్తే, సిద్ధాంతి గారు పొద్దున ఆరు నలభై రెండుకి పెట్టారు. మొదట వియ్యపురాలు ఒప్పుకుంది. తర్వాత సర్జన్, తర్వాత మత్తు డాక్టర్, తర్వాత థియేటర్ ఖాళీ. అన్నీ కుదిరాక అమ్మాయికి చెప్పాం. "నొప్పులే రాలేదు కదా మామయ్యా" అంది అమాయకంగా. నొప్పులకి నక్షత్రం తెలుస్తుందా? బిడ్డ కలెక్టర్ కావాలా వద్దా?

కీడు చేయకపోవడంలోనూ మేం వెనకబడలేదు. మా మేనత్తకి రొమ్ములో గడ్డ క్యాన్సరని తేలగానే "ఆవిడకి చెప్పకండి డాక్టర్ గారూ, తట్టుకోలేదు" అన్నాను. ఆయన వెంటనే తలూపాడు, ఆయనకీ ఒక కష్టమైన మాట తప్పింది. కీమోని బలానికి ఎక్కించే సెలైన్ అన్నాం. జుట్టు రాలితే బోరు నీళ్లు పడలేదన్నాం. ఆ క్యాన్సర్ వార్డు బోర్డు ముందు నించుని కూడా, ఇది పాత బోర్డు అత్తా, మార్చలేదు అన్నాం. ఆవిడ ఒక్కసారి కూడా ఎదురు ప్రశ్న వేయలేదు. పోయాక తలగడ కింద చీటీ దొరికింది. గాజులు ఎవరికి, గొలుసు ఎవరికి, బీరువా తాళం ఏ డబ్బాలో ఉంది, దినం ఖర్చుకి పోస్టాఫీసులో ఎంత ఉంది. రెండు నెలల నాటి తేదీ. అంత పకడ్బందీగా దాచాం మేము.

న్యాయం సంగతి ప్రత్యేకంగా చెప్పేదేముంది. కౌంటర్ దగ్గర అందరినీ ఒకే ప్రశ్న అడుగుతారు: "క్యాషా, కార్డా, ఇన్సూరెన్సా?" నొప్పి ఎక్కడని అడిగేది ఆ తర్వాతే. ఇంతకంటే సమానత్వం ఏం కావాలి?

మళ్లీ గుంటూరు. రాత్రి పదిన్నరయింది. చెక్కుబందీ రాలేదు. పెదనాన్న ఇక తనే రాయడం మొదలుపెట్టాడు. చివరి కాగితం కింద, ముత్యాల్లాంటి దస్తావేజు అక్షరాల్లో, తెలుగులో: "ఇందలి విషయములు నాకు ఎవరునూ వివరించి చెప్పలేదు. మూడవ పేరా చదివితిని గాని అర్థము కాలేదు. గాల్ బ్లాడరు మాత్రము తీయుటకు ఎవరి బలవంతమునూ ప్రోద్బలమునూ లేక నా మనఃపూర్వక సమ్మతి. అంతకు మించి కోయవలెనన్న నన్ను లేపి అడగవలెను." కింద సంతకం, తేదీ. పక్కన ఇద్దరు సాక్షులకి చోటు వదిలాడు. తృప్తిగా కళ్లజోడు తీసి, గోడవైపు తిరిగి పడుకున్నాడు.

సిస్టర్ ఆ కాగితాలు తీసుకెళ్లి పది నిమిషాల్లో కొత్త సెట్‌తో వచ్చింది. ఈసారి మంచం దాకా రాలేదు. గుమ్మంలోంచే, గొంతు తగ్గించి, "పేషెంటు తాలూకా, మీరొకసారి ఇలా రండి" అంది. వరండాలో వాటర్ కూలర్ మీద ప్యాడ్ పెట్టింది. ఇంటూ మార్కులు ఈసారి పెన్సిల్‌తో కాదు, ఎర్ర ఇంకుతో. ఆరు చోట్లా పెట్టాను. అడుగున 'పేషెంటుతో సంబంధం' అని ఇంకో ఖాళీ ఉంటే, అది మాత్రం ఖాళీగా వదలకుండా 'తాలూకా' అని రాశాను.