మూడో వరసలో బావమరిది

శ్రీకాకుళంలో కోటి రూపాయల బండి చూడాలంటే ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు, బండే ఇంటికొస్తుంది. షోరూము కుర్రాడు విశాఖపట్నం నుంచి వంద కిలోమీటర్లకు పైగా నడుపుకొచ్చి, అరసవల్లి రోడ్డు పక్క వీధి మొగలో దాన్ని ఆపాడు. ఇంటి దాకా తేలేదు. తేలేడు కూడా.

ఏ కంపెనీదైనా మూడు వరసల పెద్దబండి కొలతలు అలాంటివి. వోల్వో ఎక్స్‌సీ90 పొడవు 4.95 మీటర్లు, బీఎండబ్ల్యూ ఎక్స్7 5.18, మెర్సిడెస్ జీఎల్ఎస్ 5.2. వెడల్పు అద్దాలతో కలిపి 2 మీటర్లు దాటిపోతుంది. మా గేటు 8 అడుగులుంది, అంటే 2.44 మీటర్లు, సులువుగా పట్టేస్తుంది అని ఇంటాయన లెక్క. గేటు పడుతుంది. 12 అడుగుల వీధిలోంచి ఆ గేటుకేసి తిరగడమే పట్టదు. టేపు పట్టాల్సింది గేటుకి కాదు, ఎదురింటి అరుగు అంచు నుంచి గేటు గుమ్మం దాకా. అంచేత ఇంటిల్లిపాదీ వీధి మొగకే నడిచి వెళ్ళారు: జీడిపప్పు వ్యాపారం చేసే పెద్దాయన, ఆయన భార్య పెద్దమ్మగారు, కొడుకు, కోడలు, పదేళ్ళ గుంటడు, మూడేళ్ళ గుంట, పెద్దమ్మగారి తమ్ముడు. లెక్కకి ఏడుగురు, సీట్లూ ఏడు. ఉద్దానం నుంచి పొద్దున్నే దిగిన 12 కిలోల పనసకాయ లెక్కలో లేదు.

ఏడు సీట్ల బండి మంచీచెడూ మూడో వరసలోనే తేలుతుంది. ఆ మాట ఎవరికీ పట్టదు, అందరూ స్టీరింగు దగ్గరే ఆగిపోతారు. సరైన వరస ఇది. ముందు బండి నడిపే మనిషి తన సీటు తనకి సరిపడేలా సర్దుకోవాలి. తర్వాత రెండో వరసను పట్టాల మీద జరిపి, కూర్చున్నవాళ్ళ మోకాళ్ళకీ ముందు సీటుకీ మధ్య నాలుగు వేళ్ళ సందు వదలాలి. ఆ తర్వాతే మూడో వరసలోకి మనిషిని పంపాలి. ఇక్కడ బావమరిది ముందే వెళ్ళిపోయాడు. రెండో వరస అప్పటికి పూర్తిగా ముందుకి జరిగి ఉండటంతో "అప్పా, ఇక్కడ పడుకోవచ్చే!" అని అక్కని పిలిచి మురిసిపోయాడు కూడా. ఈలోగా కోడలు తన సీటు బటన్ నొక్కింది. సీటు చడీచప్పుడూ లేకుండా వెనక్కి వచ్చి ఆయన మోకాళ్ళ మీద ఆగింది.

ఆయన ఎత్తు 6 అడుగులు, అంటే 183 సెంటీమీటర్లు. వోల్వో తన ఎక్స్‌సీ90 మూడో వరసను 170 సెంటీమీటర్ల వరకున్న మనిషి కోసం చేశామని ఉన్నమాట చెప్పేసింది. చాలామంది ఆ అంకె చెప్పరు. చిక్కు తల దగ్గరకన్నా తొడల దగ్గర ఎక్కువ. వెనక నేల కింద సస్పెన్షన్ సామాను ఉంటుంది, కాబట్టి నేల ఎత్తుగా వస్తుంది. పైన కప్పేమో వెనక్కి పోయేకొద్దీ వాలుతుంది. ఈ రెండింటి మధ్య సీటును ఇరికించాలంటే దాన్ని కిందికి దించడం తప్ప దారి లేదు. దాంతో మోకాళ్ళు గడ్డం దాకా లేస్తాయి, తొడల కింద ఆసరా ఉండదు, బరువంతా నడుం మీద పడుతుంది. పీట మీద కూర్చుని గంట సేపు భోంచేసినట్టు. పలాస దాకా వెళ్ళాలంటే ఆ గంట మీద ఇంకాస్త.

ఏసీ గాలి మూడో వరసకి విడిగా వస్తోందో, రెండో వరస దయ మీద వస్తోందో మే నెల మిట్టమధ్యాహ్నం చెయ్యి పెట్టి చూసుకోవాలి. పక్క ఎయిర్‌బ్యాగు తెర మూడో వరస అద్దం దాకా వస్తుందో లేదో బ్రోచర్లో చదివే తెలుసుకోవాలి, చూస్తే కనబడదు. బెల్టు మాత్రం వెనకవాళ్ళకీ తప్పదు, లేకపోతే వెయ్యి రూపాయలు జరిమానా.

ఇక డిక్కీ. మూడో వరస లేపి ఉంచినప్పుడు జీఎల్ఎస్ డిక్కీ 355 లీటర్లు, ఎక్స్7ది 326. లీటర్లంటే నీళ్ళు పోసి కొలవరు. జర్మనీ పద్ధతిలో అయితే 20 సెంటీమీటర్ల పొడవు, 10 వెడల్పు, 5 మందం ఉన్న లీటరు దిమ్మెల్ని సందుసందునా పేర్చి లెక్కపెడతారు. పనసకాయ దిమ్మె కాదు. దానికి కావాల్సింది సీటు వీపుకీ డిక్కీ తలుపుకీ మధ్య దూరం, అదీ నేల దగ్గర ఒకసారి, భుజం ఎత్తున ఒకసారి కొలిచి చూడాలి. తలుపు అద్దం ఏటవాలుగా ఉంటుంది కనక పైకొచ్చేసరికి జానెడు తరిగిపోతుంది. పెద్దమ్మగారు పనసకాయను నిలువుగా పెట్టించారు.

కుర్రాడు బటన్ నొక్కాడు. తలుపు ఠీవిగా దిగి, పనస ముళ్ళకి తగిలి, కీచుమని మళ్ళీ పైకి పోయింది. ఇంకోసారి నొక్కాడు. ఇంకోసారి పోయింది. ఏదైనా అడ్డు తగిలితే వెనక్కి మళ్ళాలని దానికి నేర్పారు. పనసకాయకీ పసిపిల్ల చేతికీ తేడా నేర్పలేదు. మూడోసారి పెద్దమ్మగారు చేత్తో నొక్కిపెట్టబోతే కుర్రాడు దణ్ణం పెట్టాడు. పోర్టికో కప్పు తక్కువ ఎత్తులో ఉన్న ఇళ్ళలో మాత్రం ఈ తలుపుని మచ్చిక చేసుకోవచ్చు: కావాల్సిన ఎత్తులో ఆపి, తలుపు అంచునున్న బటన్ని కీచుమనేదాకా నొక్కి ఉంచితే చాలా బళ్ళలో ఆ ఎత్తు గుర్తుండిపోతుంది.

"నాను దిగిపోతానే అప్పా, కాళ్ళు తిమ్మిరెక్కిపోనాయి" అని లోపల్నుంచి వినబడింది.

దిగే దారులు రెండు. ఎడం పక్క రెండో వరసలో పాప సీటు బిగించేశారు. పిల్లల సీటు ఉన్నప్పుడు ముందుకి ఒరగని సీట్లు చాలా బళ్ళలో ఉంటాయి, అందుకే దాన్ని కుడి పక్క బిగించి, ఫుట్‌పాత్ వైపు ఎడం దారి ఖాళీగా ఉంచుకోవాలి. ఇప్పుడు మిగిలింది కుడి పక్క. కోడలు దిగింది, కుర్రాడు బటన్ నొక్కాడు, సీటు మూలుగుతూ ముందుకి సగం ఒరిగి, డ్రైవర్ సీటు వెనక పెట్టిన జీడిపప్పు సంచికి తగిలి, మర్యాదగా యథాస్థానానికి తిరిగి వచ్చింది. బావమరిది మోకాళ్ళ మీదికే.

"సంచి తియ్యండి మేడం."

"పప్పు బద్దలైపోద్ది బాబూ, మెల్లగా" అంటూ పెద్దమ్మగారు పాప సీటు మీదుగా వంగారు, అందలేదు. ఈలోగా గుంటడు డిక్కీ గోడకున్న బటన్లు కనిపెట్టాడు. మూడో వరస వీపుల్ని పడుకోబెట్టే బటన్లు అక్కడే ఉంటాయి, సగానికి ఒకటి. వాడి చెయ్యి బావమరిది కూర్చున్న సగం మీదికి పోతుండగా కుర్రాడు దూకి ఖాళీ సగాన్ని నొక్కాడు. వీపు పడుకుంది. బావమరిది ముందు తల, తర్వాత ఒక చెప్పు, ఆ తర్వాత మిగతా శరీరం డిక్కీలోకి పాకించి, పనసకాయను వాటేసుకుని ఆగాడు.

ఇంత జరుగుతున్నా పెద్దాయన ముందు ఎడం సీట్లోంచి కదల్లేదు. వీపుకి మసాజు నడుస్తోంది. ఈ బండిలో ముందువాళ్ళ మాట వెనక స్పీకర్లలో వినిపించే ఏర్పాటు ఉంది. వెనకవాళ్ళ మాట ముందుకు తెచ్చే ఏర్పాటు లేదు. కళ్ళు తెరవకుండానే ఆయన అన్నమాట డిక్కీ దాకా గంభీరంగా వినబడింది.

"ఒరే బావమరిదీ, ఏటంటావు? నాకైతే నచ్చింది. లోపల మాటాపలుకూ లేకుండా ఎంత పెశాంతంగా ఉందిరా!"