‘పౌరుడు’ అని కాదు, ‘వ్యక్తి’ అని రాశారు

అమెరికాలోని మన తెలుగు సంఘంలో వీసాల మాట వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు “గ్రీన్‌కార్డే రాలేదు, మనకిక్కడ హక్కులెక్కడివండీ” అనేస్తారు. వింటే బాధేస్తుంది, ఎందుకంటే అది నిజం కాదు. ఓటు హక్కు లేదు, రేపు వీసా పొడిగిస్తారన్న భరోసా లేదు, ఆ టెన్షన్ నేనూ పడ్డాను. కానీ అమెరికా రాజ్యాంగం ఐదో సవరణ ఒకసారి తీసి చదవండి. డ్యూ ప్రాసెస్ లేకుండా, అంటే న్యాయంగా జరగాల్సిన విచారణ జరగకుండా, ఏ ‘వ్యక్తి’ ప్రాణాన్నీ స్వేచ్ఛనూ ఆస్తినీ తీసుకోకూడదు అని ఉంటుంది. అక్కడ ‘పౌరుడు’ అని లేదు.

ఐదో సవరణ వచ్చింది 1791లో, కానీ ఆ మాట అప్పుడే కొత్తగా పుట్టలేదు. 1215లో ఇంగ్లండ్‌లో ప్రభువులు జాన్ రాజు మెడలు వంచి ఒప్పించిన హక్కుల పత్రం మాగ్నా కార్టాలో ‘స్వతంత్రుడైన మనిషి’ అనే ఉంది, అంటే దొర భూమికి కట్టుబడి బతికే రైతుకు అందులో చోటు లేదు. 1354 నాటి చట్టం దాన్ని ‘ఏ స్థితిలో ఉన్న మనిషికైనా’ అని మార్చింది, డ్యూ ప్రాసెస్ అన్న మాట చట్టంలోకి వచ్చిందీ అందులోనే. తర్వాత ఇంగ్లండ్ తత్వవేత్త జాన్ లాక్ వచ్చి ప్రాణం, స్వేచ్ఛ, ఆస్తి రాజు పెట్టిన భిక్ష కాదని, వాటిని కాపాడటానికే ప్రభుత్వం ఉందని వాదించాడు. ప్రభుత్వం ఇవ్వనిదాన్ని వీసా స్టాంపుతో ఎలా ముడిపెడతాం?

అయినా ‘వ్యక్తి’ అని రాసుకున్న అమెరికానే లక్షలమందిని బానిసలుగా ఉంచింది. అంతర్యుద్ధం అయ్యాక, 1868లో, పద్నాలుగో సవరణతో, అప్పటిదాకా కేంద్ర ప్రభుత్వానికే ఉన్న ఆ కట్టడి రాష్ట్రాలకూ వచ్చింది. 1886లో శాన్‌ఫ్రాన్సిస్కోలో లాండ్రీ నడిపే ఒక చైనా మనిషి కేసులో సుప్రీంకోర్టు ఈ రక్షణ పౌరులకే పరిమితం కాదని తేల్చింది. అప్పటికి చైనావాళ్లకు పౌరసత్వం తీసుకునే దారే లేదు! మన గ్రీన్‌కార్డు క్యూ కంటే ఘోరమైన పరిస్థితి, అయినా ఆయన కోర్టుకెళ్లి గెలిచాడు.

మన భారత రాజ్యాంగం 21వ అధికరణలోనూ ‘ఏ వ్యక్తికీ’ అనే ఉంది. అమెరికాలో అక్కడి సుప్రీంకోర్టు జడ్జి జస్టిస్ ఫ్రాంక్‌ఫర్టర్‌ను కలిసొచ్చాక మన రాజ్యాంగ సభ సలహాదారు బి.ఎన్. రావు డ్యూ ప్రాసెస్ అన్న మాట వద్దన్నారు, ముసాయిదాలోంచి అది పోయింది. 1978లో మేనకా గాంధీ పాస్‌పోర్టు కేసులో మన సుప్రీంకోర్టు దాని సారాన్ని వెనక్కి తెచ్చింది.

ఏటా టాక్సుల మీద సెషన్ పెడుతున్నాం కదా, ఈసారి ఒక గంట లాయర్‌ని పిలిచి దీని మీద తెలుగులో మాట్లాడిద్దాం. స్టూడెంట్ వీసా పిల్లల్ని ముందు వరసలో కూర్చోబెడదాం.